తెర మీద తెలుపు: ఛాయాచిత్రాల మానిటర్ వెనుక చరిత్ర

ఛాయాచిత్రాలు సరిదిద్దడానికి మంచి మానిటర్ ఏదని దుకాణంలో అడిగితే ముందుగా వినిపించే జవాబు ఒక సంఖ్య. ఇది ఫుల్ హెచ్‌డీ అంటారు, అది 4కె అంటారు. ఆ సంఖ్య తెర మీద ఎన్ని చుక్కలు ఉన్నాయో చెబుతుంది. ఆ చుక్కలు చూపే ఎరుపు ఎంతవరకు నిజమైన ఎరుపో, వాటి తెలుపు ఏ తెలుపో చెప్పదు. చుక్కల సంఖ్య, రంగుల నిజాయితీ అనే ఈ రెండు విషయాలు చరిత్రలో వేర్వేరు దారుల్లో పెరిగాయి. ఆ దారులు తెలిసినవాడు మానిటర్ కొనేటప్పుడు అంత సులువుగా మోసపోడు.

దీనికి భిలాయ్‌ని ఉదాహరణగా తీసుకుందాం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ ఉక్కు కర్మాగారం మొదలైంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారం చుట్టూ సెక్టర్ల పేరుతో టౌన్‌షిప్ పెరిగింది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు అప్పటికే రైలుమార్గం ఉంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువాళ్లు ఆ దారినే పనికి వెళ్లి, సెక్టర్ 4 వంటి కాలనీల క్వార్టర్లలో సంసారాలు పెట్టారు. ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. ఇంట్లో ఉన్న పాత ఆల్బమ్‌లను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో సరిచేసి దాచుకోవాలన్న కోరిక ఈ తరానిది.

1960ల నాటి నలుపు తెలుపు ఫోటోలతో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా 1970లు, 80ల నాటి రంగు ప్రింట్లతోనే. రంగు ప్రింటులో ఆకుపచ్చ-నీలం, గులాబీ, పసుపు అనే మూడు అద్దకాల పొరలు ఉంటాయి. ఆ కాలపు కాగితాల్లో మొదటి పొర బలహీనమైనది. వెలుతురు తగలకుండా ట్రంకు పెట్టెలో దాచినా అది రసాయనికంగా విచ్ఛిన్నమై వెలిసిపోతుంది. అందుకే ఆనాటి పెళ్లి ఫోటోలన్నీ ఎర్రబడి కనిపిస్తాయి. వాటిని సరిచేసేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒక తీర్పు చెప్పాలి. తాతగారి చొక్కా ఖాకీయా, గోధుమరంగా? అమ్మమ్మ చీర నెమలికంఠమా, ముదురు నీలమా? ఆయన మేనిచాయ నలుపా, చామనచాయా? ఆ తీర్పుకు మనకున్న సాక్షి ఒక్కటే, తెర. ఆ సాక్షి అబద్ధమాడితే మనకు తెలియను కూడా తెలియదు. మరో ముప్పై ఏళ్లకు కాగితం ప్రింటు పూర్తిగా పోయి, మనం సరిచేసిన ఫైలే ఆ మనిషి రూపంగా మిగలవచ్చు.

ఫోటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్లలో అందరికీ తెలిసిన ఫోటోషాప్ కూడా ఒక తెర లోపం వల్లనే పుట్టింది. 1987లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ నోల్ అనే పరిశోధక విద్యార్థి దగ్గర మాకింటోష్ ప్లస్ కంప్యూటర్ ఉండేది. దాని తెర మీద ఒక్కో చుక్క అయితే నలుపు, కాకపోతే తెలుపు; మధ్యలో బూడిదరంగు అన్నది లేదు. అతని పరిశోధనకు బూడిద ఛాయలున్న చిత్రాలు కావాలి. దినపత్రికల్లో ఫోటోను నల్లచుక్కల దట్టంతో, పలచనతో అచ్చువేసినట్టే, చుక్కలను చల్లి బూడిదరంగు భ్రమ కలిగించే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. దానికి పెట్టిన పేరు ‘డిస్‌ప్లే’. సినిమా దృశ్య మాయాజాలం చేసే సంస్థలో పనిచేస్తున్న అన్నదమ్ముడు జాన్ నోల్ అందులో వ్యాపార అవకాశం చూశాడు. 1990 ఫిబ్రవరిలో అది ఫోటోషాప్‌గా మార్కెట్‌లోకి వచ్చింది.

ఇక చుక్కల లెక్క చూద్దాం. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ బృందం మూడు నెలల వయసున్న ఆయన కుమారుడి ఫోటోను స్కాన్ చేసింది. కంప్యూటర్‌లోకి చేరిన మొట్టమొదటి ఛాయాచిత్రం అదే. అడ్డంగా 176, నిలువుగా 176, మొత్తం 30,976 చుక్కలు. ‘పిక్సెల్’ అన్న మాట అచ్చులో మొదట కనిపించింది 1965లో, అంతరిక్ష చిత్రాలపై పనిచేసిన ఫ్రెడ్ బిలింగ్స్‌లీ వ్యాసాల్లో. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ ప్రమాణంలో 640×480, అంటే 3,07,200 పిక్సెళ్లు. 2001లో అదే సంస్థ టీ220 అనే మానిటర్ అమ్మకానికి పెట్టింది. 22 అంగుళాల తెర మీద 3840×2400, అంటే 92 లక్షల పైచిలుకు పిక్సెళ్లు! శాస్త్ర పరిశోధన శాలలకు, వైద్య చిత్రాలకు ఉద్దేశించినది. ధర వేల డాలర్లలో ఉండేది కాబట్టి సామాన్యుడి బల్ల మీదికి రాలేదు. అంతటి సాంద్రత గల తెరలు మామూలు కొనుగోలుదారుకు చేరువైంది 2010 తరువాతే. 2012లో ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లో అంగుళానికి 220 పిక్సెళ్ల తెర పెట్టాక మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి.

ఎన్ని చుక్కలు చాలు? దీనికి జవాబు కంపెనీ ప్రకటనలో ఉండదు, మన కంటిలోనే ఉంది. ఆరోగ్యమైన కన్ను రెండు బిందువులను వేరుగా గుర్తించాలంటే వాటి మధ్య సుమారు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఉండాలి. భౌతికశాస్త్రంలో మీరు చదివిన పృథక్కరణ సామర్థ్యం ఇదే. తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే ఆ కోణం 0.175 మిల్లీమీటర్లకు సమానం. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో పిక్సెల్ 0.31 మిల్లీమీటర్లు, చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. అదే పరిమాణంలో 4కె తెరలో 0.156 మిల్లీమీటర్లు, కన్ను విడదీయలేదు. అంతకంటే ఎక్కువ పిక్సెళ్లకు డబ్బు పోస్తే ఆ దూరం నుంచి దక్కే లాభం స్వల్పమే.

ఇంకో లెక్క. ఆరు అంగుళాలు, నాలుగు అంగుళాల ప్రింటును అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 3600×2400 పిక్సెళ్ల ఫైలు వస్తుంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద దాన్ని పూర్తి పరిమాణంలో తెరిస్తే నాలుగో వంతు కూడా కనిపించదు. 4కె తెర మీద దాదాపు అంతా కనిపిస్తుంది. గీతలు, బూజు మచ్చలు తుడిచే పనిలో ఈ సౌకర్యం చిన్నది కాదు. అధిక పృథక్కరణకు ఉన్న అసలు విలువ అది.

తెర మన పల్లెలకు చేరిన కథలో హైదరాబాద్‌కూ ఛత్తీస్‌గఢ్‌కూ ఒక ఉమ్మడి అధ్యాయం ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగం అది. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామాలతో పాటు అప్పటి మధ్యప్రదేశ్‌లోని రాయ్‌పూర్ ప్రాంతపు గ్రామాలూ ఉన్నాయి. ఆ టెలివిజన్ సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఆ సంస్థను 1967లో నిలబెట్టిన ఎ.ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామస్థుడు. ఆనాటి నలుపు తెలుపు పిక్చర్ ట్యూబు లోపల ఎలక్ట్రాన్ పుంజం తగిలి వెలిగే పూత, నీలి కాంతినిచ్చే పదార్థాన్నీ పసుపు కాంతినిచ్చే పదార్థాన్నీ కలిపి చేసినది. దాని తెలుపులో నీలం పాలు ఎక్కువ. ఒక తరం మొత్తం ఆ నీలి తెలుపునే తెలుపుగా చూస్తూ పెరిగింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని అవసరం పడుతుంది.

పిక్చర్ ట్యూబుల కాలం ముగిసింది. ఇప్పుడు మన బల్లల మీద ఉన్నవి ఎక్కువగా ద్రవ స్ఫటికాల తెరలు. వీటి మూలం కూడా విచిత్రమే. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక కొలెస్టెరాల్ సమ్మేళనాన్ని వేడిచేశాడు. అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి పాలలా మసకగా మారింది; 178.5 డిగ్రీల దగ్గర మళ్లీ తేటపడింది. రెండు ద్రవీభవన స్థానాలు ఉన్న పదార్థమన్నమాట. అది ద్రవంలా ప్రవహిస్తూనే స్ఫటికంలా అణువులను వరుసలో నిలుపుతుంది. ఎనభై ఏళ్ల పాటు అది ప్రయోగశాల వింతగానే ఉండిపోయింది. 1968లో ఆర్‌సీఏ సంస్థ దానితో చేసిన తెరను ప్రదర్శించింది. 1970 చివర స్విట్జర్లాండ్‌లో షాట్, హెల్ఫ్రిష్ అనేవారు అణువుల వరుసను రెండు గాజుపలకల మధ్య తొంభై డిగ్రీలు మెలితిప్పి, కాంతి ధ్రువణాన్ని విద్యుత్తుతో అదుపుచేసే పద్ధతి కనిపెట్టారు. చేతి గడియారాల నుంచి చవక మానిటర్ల దాకా దశాబ్దాల పాటు ఏలింది ఆ మెలి పద్ధతే. దాన్నే టీఎన్ అంటారు.

టీఎన్ తెరకు ఒక పెద్ద జబ్బు ఉంది. తల కొంచెం వంచితే రంగులు మారతాయి. నేరుగా చూస్తే చామనచాయగా ఉన్న మొహం, కింది నుంచి చూస్తే నల్లబడి పోతుంది. ఈ జబ్బును కొంత తగ్గించడంలో మనదేశపు ఆవిష్కరణ పాత్ర ఉంది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం బిళ్లల ఆకారపు అణువులు కూడా ద్రవ స్ఫటికాలు కాగలవని కనుగొంది. నాణేల దొంతరలా పేర్చుకునే అణువులవి. (నోబెల్ బహుమతి పొందిన ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ వేరు. ఇద్దరూ సి.వి. రామన్‌కు బంధువులే కావడంతో పిల్లలు తరచు కలిపేస్తారు.) అలాంటి బిళ్లల అణువులతో చేసిన పలుచని పొరను 1990ల మధ్యలో జపాన్ కంపెనీ ఫ్యూజీ తయారుచేసింది. దాన్ని తెర మీద అతికిస్తే పక్కల నుంచి చూసినా రంగు అంతగా మారదు. అదే కాలంలో, 1996 ప్రాంతంలో హిటాచీ సంస్థ వేరే దారి పట్టింది. అణువులు గాజుపలకకు సమాంతరంగా, ఒకే తలంలో తిరిగేలా చేసింది. ఇదే ఐపీఎస్. ఛాయాచిత్రాల పనికి ఈనాడు సాధారణంగా సిఫారసు చేసే పద్ధతి ఇది.

చుక్కలు దొరికాయి, స్థిరత్వం దొరికింది. ఇక మిగిలింది రంగు, అన్నిటికంటే కష్టమైనది.

భిలాయ్‌లో చదివే పిల్లలకు ఒక విషయం పుస్తకం కంటే ముందే తెలుస్తుంది: వేడి లోహం రంగు దాని ఉష్ణోగ్రతను చెబుతుంది. ఎర్రగా మొదలై, నారింజ, పసుపు దాటి తెలుపు వైపు పోతుంది. కొలిమి దగ్గర వాడిన పాతకాలపు ఆప్టికల్ పైరోమీటర్‌లో సన్నని తీగ ఉంటుంది. తీగకు విద్యుత్తు పెంచుతూ పోతే ఒక దశలో దాని వెలుగు కొలిమి వెలుగుతో కలిసిపోయి తీగ కనిపించకుండా పోతుంది. అక్కడ ఆగి ఉష్ణోగ్రత చదువుకోవాలి. కంటితో సరిపోల్చి కొలవడమన్నమాట. 1900లో మాక్స్ ప్లాంక్ కృష్ణవస్తు వికిరణ సూత్రం రాయడానికి ఆధారమైన కొలతలు బెర్లిన్‌లోని ప్రమాణాల సంస్థలో జరిగాయి. దీపాల వెలుగుకు ఒక ప్రమాణం కావాలన్న అవసరమే ఆ కొలతలను నడిపించింది.

మానిటర్ తెలుపును కూడా ఈ ఉష్ణోగ్రత భాషలోనే చెబుతారు. ప్రమాణ తెలుపు సుమారు 6,500 కెల్విన్‌లు, పగటి వెలుతురుకు దగ్గరిది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే ద్రవ ఇనుము సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్, అంటే 1,770 కెల్విన్‌ల చొప్పున ఉంటుంది. ఎదురుగా నిలబడ్డవాడి కళ్లకు అది మిరుమిట్లు గొలిపే తెలుపు. పగటి వెలుతురుకు అమర్చిన కెమెరాకు మాత్రం అది ముదురు నారింజ. ఫోటో చూసిన పాత కార్మికుడు "ఇంత ఎర్రగా ఎక్కడుంది?" అంటే ఆయన అబద్ధం చెప్పడం లేదు, కెమెరా కూడా చెప్పడం లేదు. ఇద్దరికీ తెలుపు అంటే వేర్వేరు.

ఇప్పుడు ఆ నీలి తెలుపు సంగతికి వద్దాం. టెలివిజన్ల అలవాటుతో చాలా కంప్యూటర్ మానిటర్లు కూడా ఫ్యాక్టరీ నుంచి 9,300 కెల్విన్‌ల తెలుపుతో వచ్చేవి. దుకాణంలో పక్కపక్కన పెడితే నీలి తెలుపే తళతళలాడుతుంది. అలాంటి తెర ముందు కూర్చున్నవాడికి మొహాలు పాలిపోయినట్టు తోచి, కాస్త పసుపు, ఎరుపు కలుపుతాడు. కన్ను తెరకు సగం అలవాటు పడుతుంది, సగం పడదు. అందుకే ఎంత కలిపాడో అతనికే తెలియదు. ప్రింటు చేతికొచ్చాక పసుపు మొహాలు బయటపడతాయి. తెర వెలుగు మరీ ఎక్కువ పెట్టుకుంటే ఇంకో తప్పు జరుగుతుంది: తెర మీద చక్కగా ఉన్న బొమ్మ కాగితం మీద చీకటిగా వస్తుంది.

రంగులకు సంఖ్యలిచ్చే పద్ధతి 1931లో స్థిరపడింది. అంతకుముందు ఇంగ్లండ్‌లో రైట్ పదిమందితో, గిల్డ్ ఏడుగురితో ప్రయోగాలు చేశారు. ఒక రంగు కాంతిని చూపించి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి దానితో సరిపోల్చమన్నారు. పైరోమీటర్ తీగలాగే ఇదీ సరిపోల్చడమే. ఈ పదిహేడుమంది కళ్ల సగటు మీదనే ఇవాళ్టి మానిటర్ రంగుల కొలతలు ఇప్పటికీ ఆధారపడి ఉన్నాయి. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధిని ప్రతిపాదించాయి. అప్పటి మామూలు పిక్చర్ ట్యూబు చూపగలిగినంతే దాని హద్దు. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీ అంతకంటే విశాలం, ముఖ్యంగా ఆకుపచ్చ, నెమలికంఠం రంగుల వైపు. టెలివిజన్ ప్రమాణ పత్రంలోని అంకెలను అన్వయించుకోవడంలో దొర్లిన పొరపాటు నుంచి ఆ ప్రమాణం పుట్టింది. ముద్రణకు బాగా పనికొచ్చిందని తేలాక ఆ పొరపాటునే పేరు మార్చి నిలబెట్టుకున్నారు.

ప్రమాణం ఎవరిని బట్టి పెడుతున్నామన్నది చిన్న ప్రశ్న కాదు. కోడాక్ కంపెనీ 1950ల నుంచి ప్రింటింగ్ ల్యాబ్‌లకు పంపిన నమూనా కార్డుల మీద ఉండేది తెల్లజాతి స్త్రీ ఫోటో. ఆమె మేనిచాయ సరిగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్టు లెక్క. నల్లటి చాయలున్నవాళ్లు ఆ లెక్కలో చాలాకాలం లేరు. అందువల్ల పాత రంగు ప్రింటులో తాతగారి మొహం వివరాలు లేని చీకటి ముద్దగా ఉంటే తప్పంతా కాలానిదే అనుకోవద్దు. ప్రింటు వేసిన రోజునే కొంత అన్యాయం జరిగి ఉండవచ్చు. సరిచేసేటప్పుడు మనం రెండో అన్యాయం చేయకూడదు. తెల్లగా చేస్తే బాగుంటుందని స్లైడర్ జరిపే అలవాటు మన స్టూడియోల్లో బాగా ఉంది. ఎండలో, కొలిమి సెగలో పనిచేసిన మనిషిని పాలరాతి బొమ్మగా మార్చడం నాకు సమ్మతం కాదు.

ఇంతకీ ఏం కొనాలి? 27 అంగుళాల 4కె, ఐపీఎస్ తెర, ఎస్‌ఆర్‌జీబీ పరిధిని దాదాపు పూర్తిగా చూపగలిగినది అయితే ఇంటి ఆల్బమ్‌ల పనికి ధారాళంగా సరిపోతుంది. ఒక్కో రంగుకు కనీసం 8 బిట్‌లు, అంటే 256 మెట్లు ఉండాలి. మూడు రంగులకూ కలిపి 1 కోటి 67 లక్షల చిల్లర ఛాయలు. కొన్ని చవక తెరల్లో 6 బిట్‌లే ఉంటాయి, అంటే 64 మెట్లు. మిగతావి గబగబా ఆర్పి వెలిగించి భ్రమ కలిగిస్తాయి. ఆకాశం ఫోటోలో మెట్లు మెట్లుగా గీతలు కనిపిస్తే అనుమానించండి. అడోబీ ఆర్‌జీబీ చూపే ఖరీదైన తెర, మంచి ఇంక్‌జెట్ ముద్రణ చేసేవారికి అవసరం. చిలకపచ్చ పట్టుచీర నిగ్గు అందులో తెలుస్తుంది. సెక్టర్ 4 జగన్నాథ మందిరం రథయాత్రలోని ఎరుపు, పసుపు గుడ్డలకు అంత తేడా ఉండదు. ఓలెడ్ తెరల నలుపు నిజంగా నలుపే, చూడముచ్చటగా ఉంటుంది. అయితే కదలని మెనూ గీతలు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే అచ్చు పడే ప్రమాదం ఉంది.

డబ్బు పరిమితంగా ఉంటే నా ఎంపిక ఇది: తక్కువ పిక్సెళ్ల మంచి ఐపీఎస్ తెర, దానితో పాటు రంగు కొలిచే పరికరం. చేతిలో ఇమిడే ఆ పరికరాన్ని తెర మీద వేలాడదీస్తే అది ఒక్కో రంగునూ కొలిచి, తెర ఎంత తప్పుతోందో లెక్కగట్టి, కంప్యూటర్‌కు దిద్దుబాటు చెబుతుంది. నలుగురు స్నేహితులు కలిసి ఒక్కటి కొనుక్కున్నా చాలు. తెలుపు 6,500 కెల్విన్‌లు, వెలుగు చదరపు మీటరుకు 100 కాండెలాల చొప్పున పెట్టుకోండి. మొదట తెర మసకగా తోస్తుంది; కొద్దిసేపటికి కన్ను అలవాటు పడుతుంది. తెరలు వయసుతో మారతాయి కాబట్టి రెండు నెలలకోసారి మళ్లీ కొలవాలి.

గది గోడలు, వేసుకున్న చొక్కా కూడా తెర మీద రంగు పడేలా చేస్తాయి. ప్రింటును తెరతో పోల్చేటప్పుడు ట్యూబులైటు కింద పోల్చవద్దు. పగలు, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పట్టుకుని చూడండి. చొక్కా రంగు తేలకపోతే ఇంట్లో పెద్దవాళ్లను తెర ముందు కూర్చోబెట్టి అడగండి. మొదట చేసిన స్కాన్ ఫైలును ముట్టుకోకుండా వేరే పేరుతో రెండు చోట్ల దాచండి, దిద్దుబాట్లన్నీ నకలు మీదనే చేయండి.